వదినకి పడని మందు

మార్చి 2

ఆసుపత్రి నుంచి ఫొటో వచ్చింది. ఎముకల వార్డులో నర్సులు కూర్చునే బల్ల వెనక గోడకి మా చార్టు అంటించారు. నిన్నటి నుంచి ఎర్ర మందు మళ్ళీ మొదలు. ఆర్నెల్లు దానికి సెలవిచ్చి, ఆ ఆర్నెల్లూ నీలం మందు వాడి, ఇప్పుడు తిరిగి ఎర్రదానికి వచ్చారు. అవి మా గ్రాఫులో గీతల రంగులు. అసలు పేర్లు నోరు తిరగవు కాబట్టి డాక్టర్లు కూడా రంగులతోనే పిలుస్తున్నారు. చార్టు అడుగున చిన్న అక్షరాల్లో మా విభాగం పేరు ఉంది. ఫొటోని పెద్దది చేసి చూసుకున్నాను. మా విభాగాధిపతి పెద్దాయన దాన్ని అందరికీ పంపి "ఇది మనవాడి పని" అని రాశారు. మనవాడంటే నేనే. నేను అన్నయ్యకి పంపాను, అన్నయ్య వదినకి చూపించాడు, వదిన ఫోన్ చేసి "చార్టు కొంచెం వంకరగా అంటించారు, చెప్పు వాళ్ళకి" అంది.

ఇంతవరకూ బాగానే ఉంది.

మధ్యాహ్నం రెండో ఆసుపత్రికి పంపడానికని, ఆ చార్టు లెక్కలు కట్టిన ప్రోగ్రాం శుభ్రం చేస్తూ కూర్చున్నాను. పైనే ఒక లైను కనబడింది. బ్యాక్టీరియా మొత్తం: ఒక కోటి. పక్కన నేను రాసుకున్న మాటే: పరీక్షకి మాత్రమే, తర్వాత మార్చాలి.

వెయ్యి కోట్లు ఉండాలి అక్కడ.

లేచి వెళ్ళి టీ తాగాను. టీ తాగేసరికి కాస్త నయమనిపించింది. సంఖ్య మారినంత మాత్రాన ఫలితం మారాలని లేదు. చాలాసార్లు మారదు.

మార్చి 3

అసలు సంఖ్యతో రన్ పెట్టాను. వారం పడుతుంది. అందుకే కదా అప్పుడు చిన్నది పెట్టింది. ప్రోగ్రాం నడుస్తుందో లేదో చూద్దామని చిన్నది పెడితే టీ తాగి వచ్చేలోపు అయిపోయింది, గ్రాఫు కూడా ముచ్చటగా వచ్చింది. ఎర్ర మందుని తట్టుకోవడం నేర్చిన క్రిములకి ఆ విద్య ఊరికే రాదు. ఎదుగుదల మందగిస్తుంది. మందు ఆపేస్తే ఆ విద్య వాటికి దండగ బరువు, మిగతావాటితో పోటీ పడలేక ఆర్నెల్లలో తుడిచిపెట్టుకుపోతాయి. గీత సున్నాకి దిగి అక్కడే నిలిచింది. పెద్దాయన ఆ సున్నా మీద వేలు పెట్టి "ఇదీ నాక్కావలసింది" అన్నారు.

ఆ తర్వాత సంఖ్య మార్చడం మరిచిపోయాను. మరిచిపోయాననే అనుకుంటున్నాను.

మార్చి 7

తోడక్క పట్టుకుంది. మా ల్యాబులో క్రిముల్ని నిజంగా పెంచేది ఆవిడే. ప్రతి సాయంత్రం పాత సీసాలోంచి ఒక చుక్క తీసి కొత్త సీసాలో వేస్తుంది, పెరుగుకి తోడు పెట్టినట్టు. ఆ పేరు నేనే పెట్టాను.

"సర్వరంతా నువ్వే కబ్జా చేశావంట. ఏంటి అంత పెద్ద రన్?"

"ఏం లేదు, రెండో ఆసుపత్రి కోసం."

"మొదటిదానికి వాడిందే కదా వాళ్ళకీ?"

"అదే. ఊరికే ఇంకోసారి."

"ఊరికే ఎవరైనా వారం రోజులు సర్వర్ తింటారా?" అంది. నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు. "తిండి మానేసినట్టున్నావ్. నా ఫ్రిజ్‌లో బ్రెడ్ ఉంది తిను. కింది అర మాత్రం ముట్టుకోకు, అది నా పిల్లలది."

తోడక్కకి చెప్పి ఉంటే పోయేది. చెబుదామనే నోరు తెరిచాను, బ్రెడ్ ఏ అరలో ఉందని అడిగాను.

మార్చి 11

రన్ అయింది.

గీత దిగింది, దిగింది, ఇక సున్నాని ముట్టుకుంటుందనగా ఆగింది. నేలకి బెత్తెడు పైన అలాగే సాగుతూ పోయింది. తక్కువే, చాలా తక్కువ. కానీ ఉన్నాయి. కోటిలో అయితే మిగిలిన నాలుగూ ఏదో ఒక రోజు ఖర్మ కాలి చచ్చిపోతాయి. వెయ్యి కోట్లలో నాలుగు వేలు మిగులుతాయి, అన్నీ ఒకేసారి చావవు. మందు తిరిగి మొదలుపెట్టిన చోట గీత నిట్టనిలువుగా లేచింది.

ఇంకో దరిద్రం ఉంది. ఇంత తక్కువగా ఉంటే ఆసుపత్రి పరీక్షకి దొరకవు. పుండులోంచి కొంచెం చీము తీసి పెంచి చూస్తారు, ఎర్ర మందుకి చచ్చేవే కనబడతాయి. మందు పనిచేస్తుందని రిపోర్టు వస్తుంది. మొదట్లో పనిచేస్తుంది కూడా. చచ్చేవన్నీ చచ్చాక, మిగిలిన నాలుగింటికీ ఇల్లంతా ఖాళీ.

ఒక్క రన్ మీద ఎవరూ ఏదీ తేల్చరు. కనీసం ఇంకొన్ని చేయాలి, అది పద్ధతి. పద్ధతి తప్పి డాక్టర్లని కంగారు పెట్టడం బాధ్యత అనిపించుకోదు. రేపు రెండోది పెడతాను.

మార్చి 12

రెండోది పెట్టాను, రెండు సర్వర్ల మీద. పెద్దాయన సదస్సుకి వెళ్ళారు. ఆయన లేకుండా చెప్పడం బాగుండదు.

మార్చి 15

వదిన పడింది. తను పాఠాలు చెప్పే బడి మెట్ల మీద నీళ్ళున్నాయట, పైనుంచి కిందికి జారింది. మోకాలి కింద ఎముక విరిగి బయటికి పొడుచుకొచ్చింది. అన్నయ్య ఫోన్‌లో "నువ్వు వచ్చెయ్‌రా" అని తప్ప ఇంకేమీ అనలేకపోయాడు.

నేను వెళ్ళేసరికి వదిన స్ట్రెచర్ మీద ఉంది. నన్ను చూడగానే, "నీకు ఆఫీసు లేదా?" అంది. మొహం తెల్లగా పాలిపోయి ఉంది, గొంతు మాత్రం క్లాసురూములో ఉన్నట్టే ఉంది. నేను కాలేజీలో ఉండగా వదిన ఈ ఇంటికి వచ్చింది. వచ్చిన మొదటి వారమే నా మార్కుల కాగితం అడిగి చూసి "లెక్కల్లో దిద్దుకోవా నువ్వు?" అంది. అప్పటి నుంచి అదే అధికారం. నేను పై వాటాలో ఉంటాను, తిండి మాత్రం కింద.

బడి పక్కనే ఒక ఆసుపత్రి ఉంది. అక్కడ చేర్చకుండా అన్నయ్య ఇంత దూరం తీసుకొచ్చాడు. ఎందుకన్నాను. "నీ చార్టు ఉన్న చోటు కదరా ఇది" అన్నాడు. ఎవరికో గొప్పగా చెబుతున్నట్టు చెప్పాడు.

మార్చి 16

ఆపరేషన్ అయింది. రాడ్డు వేశారు. బాగా జరిగిందన్నారు. వార్డులో అందరికీ పుండు చీము పట్టదు. చాలామందికి పట్టదు.

మార్చి 19

పట్టింది. కట్టు కింద ఎర్రబడింది, జ్వరం.

పక్క మంచం ఆవిడ స్కూలు వ్యాన్ నడుపుతుంది. టైరు మారుస్తుంటే జాకీ జారి చక్రం కాలి మీద పడిందట. ఆవిడకీ రాడ్డు వేశారు, ఆవిడకీ ఇవాళే జ్వరం. నొప్పిని కూడా వ్యాన్ భాషలోనే చెబుతుంది. "కుడికాలైతే ఇంత బెంగపడేదాన్ని కాదు తమ్ముడూ. ఇది ఎడమకాలు, క్లచ్చి కాలు. ఇది లేకపోతే బండి కదలదు."

"ఈవిడ నన్ను పడుకోనివ్వడం లేదు" అంది వదిన. "నిద్దట్లో కూడా హారన్ కొడుతోంది."

"మీ వదినగారు నిద్దట్లో హాజరు పిలుస్తున్నారు. నేను రెండుసార్లు ప్రెజెంట్ మేడం అన్నాను."

ఫ్యాను తన వైపు తిప్పమంటుంది ఒకావిడ, తిప్పితే ఊరుకోనంటుంది ఇంకొకావిడ. ఇద్దరూ నన్ను మధ్యలో నిలబెట్టి ఆడుకున్నారు. నవ్వాను. చాలా రోజులకి నవ్వాను.

అప్పుడే వార్డు డాక్టరు వచ్చింది. పొట్టిగా ఉంటుంది, ఎప్పుడు చూసినా నిలబడే బిస్కెట్లు తింటుంది. ఇద్దరి కట్లూ విప్పి చూసి, చీము పరీక్షకి పంపి, "ఇద్దరికీ ఎర్ర మందు మొదలుపెడదాం" అంది. నా వైపు తిరిగి, "మీ చార్టు ప్రకారమే కదండీ" అని నవ్వింది.

నోరు తెరిచాను. "ఆ, అంతే" అన్నాను.

మార్చి 21

రెండో రన్ కూడా అదే చెప్పింది.

ఆసుపత్రిలో పరీక్షల రిపోర్టులు వచ్చాయి. ఇద్దరికీ ఎర్ర మందు బాగా పనిచేస్తుందని. నేను పదకొండో తారీఖున రాసుకున్నట్టే.

డాక్టరు గదికి వెళ్ళాను. తలుపు దాకా అంతా చెప్పేద్దామనే వెళ్ళాను. నిజంగా.

"మా వదినకి ఎర్ర మందు పడదు డాక్టర్."

"పడదా? చేర్చేటప్పుడు అడిగాం, ఏమీ లేదన్నారే."

"ఆవిడకి గుర్తులేదు. చిన్నప్పుడు వేస్తే ఒళ్ళంతా దద్దుర్లు వచ్చాయట. వాళ్ళమ్మగారు చెప్పేవారు."

"ఆవిడని ఒకసారి అడగొచ్చా?"

"ఇప్పుడు లేరు."

"మొన్నటి నుంచి ఎక్కిస్తున్నాం కదా, ఒక్క దద్దురు కూడా రాలేదు."

"ఆలస్యంగా వచ్చేవట."

ఆవిడ నన్ను చూసింది. చేతిలో బిస్కెట్ అలాగే ఉంది. "సరే, మీకు తెలియందా. రిస్కెందుకు, నీలానికి మార్చేస్తాను" అని రాసింది. నేను కదలకపోతే, "ఇంకేమైనా చెప్పాలా?" అంది.

"లేదండి."

అబద్ధాలు నాకు చేతకావనుకునేవాణ్ణి. చచ్చిపోయిన మనిషిని సాక్ష్యానికి తెచ్చుకున్నాను.

వదిన చేతికి పట్టీ కట్టారు, ఈ మందు పడదు అని. వదిన ఆ పట్టీని చదివింది. "నాకేదో పడదని చెప్పావంట."

"ఔను. నువ్వు ఊరుకో వదినా."

"సరే" అంది. వదిన సరే అని ఊరుకోవడం నేను ఎప్పుడూ చూడలేదు.

పక్క మంచం మీద వ్యాన్ ఆవిడ నిద్రపోతోంది. ఆవిడ సెలైను చుక్క చుక్కగా దిగుతోంది.

మార్చి 22

వదినకి జ్వరం తగ్గింది.

మార్చి 24

వ్యాన్ ఆవిడకి కూడా తగ్గింది. వదినకంటే ముందే లేచి కూర్చుంది. అదీ సంగతి. మా ప్రోగ్రాం కట్టే మోడల్ అనేది అన్ని వార్డుల సగటు, ఒక మనిషి గురించి అది ఏమీ చెప్పదు. నేను అనవసరంగా నన్ను నేను చంపుకుంటున్నాను.

"కాలు రాగానే నిన్ను నా వ్యాన్‌లో ఆఫీసులో దింపుతా తమ్ముడూ" అంది. "కాకపోతే చిన్న క్లాసు పిల్లల మధ్య కూర్చోవాలి. ఏడవకూడదు."

"వీడు ఏడుస్తాడు" అంది వదిన.

వ్యాన్ ఆవిడ వాళ్ళాయన కూడా ఉన్నాడు. లారీల వర్క్‌షాపులో పనిచేస్తాడు, చేతులు నా రెండు చేతులంత ఉంటాయి. మాట్లాడడు. నాకు కుర్చీ ఇచ్చి తను నిలబడ్డాడు.

ఇవాళ బాగా నిద్ర పడుతుంది అనుకుంటున్నాను.

మార్చి 28

పెద్దాయన వచ్చారు. ఆయన గదికి వెళ్ళాను. రెండో ఆసుపత్రి ఒప్పుకుందన్నారు, మూడోది అడుగుతోందన్నారు, జూన్‌లో నన్ను ఎక్కడికో తీసుకెళ్ళి మాట్లాడిస్తానన్నారు. ఆయన ఆనందంగా ఉంటే చిన్నపిల్లాడిలా కుర్చీలో తిరుగుతారు. తిరుగుతూ, తిరుగుతూ ఆగి, "ఏదో చెప్పాలన్నావ్?" అన్నారు.

"సర్వరుకి మెమరీ చాలడం లేదు సార్."

"అంతేనా? రాసి పంపు, కొనిపిద్దాం."

మార్చి 31

వ్యాన్ ఆవిడకి మళ్ళీ జ్వరం. మామూలు జ్వరం కావచ్చు. వార్డులో ఎవరికో జలుబుంది.

ఏప్రిల్ 2

మామూలు జ్వరం కాదు. మళ్ళీ చీము తీసి పరీక్ష చేశారు. ఎర్ర మందుకి ఒక్కటీ చావడం లేదట. ఇవాళ నీలానికి మార్చారు.

డాక్టరు నన్ను నడవాలో ఆపింది. నాకోసమే చూస్తోందట. "మీరు కంప్యూటర్ మీద ఇవే చూస్తారు కదా. మొన్న రిపోర్టులో అంత బాగా పనిచేసిన మందు ఇంతలో ఎలా పనికిరాకుండా పోయింది? మీ మోడల్‌లో ఇలా ఎప్పుడైనా వస్తుందా?"

"అరుదుగా" అన్నాను.

"అరుదుగా" అని ఆవిడ తనలో తను అనుకుంది. నా మాట నమ్మింది. చదువుకున్న మనిషి ఇంకో చదువుకున్న మనిషిని నమ్మినట్టు నమ్మింది. నా మొహం మీద ఉమ్మినా బాగుండేది.

ఏప్రిల్ 4

ఎముక దాకా పోయిందట. నీలం మందు ఎముకలోకి అంత తొందరగా వెళ్ళదు. మొదటి రోజే వేసి ఉంటే వేరు అన్నాడు కట్టు కట్టే ఆయన, ఎవరితోనో.

వ్యాన్ ఆవిడ నన్ను పిలిచింది. వదిన నిద్రపోతోంది.

"తమ్ముడూ, నువ్వు ఈ మందుల లెక్కలు చేస్తావట కదా. మీ వదినగారు చెప్పారు. ఈ నీలం దానికి తగ్గుతుందా?"

"తగ్గుతుంది."

"డాక్టరమ్మ సరిగ్గా చెప్పడం లేదు. నువ్వయితే చెబుతావని అడిగాను."

"తగ్గుతుందండీ."

"మీ వదినగారికి తగ్గింది కదా దీనికే" అంది, తనకి తను.

ఏప్రిల్ 5

ఇవాళ ఆసుపత్రికి వెళ్ళలేదు. ఆఫీసులో పని ఉంది.

పని లేదు.

ఏప్రిల్ 6

మోకాలి కింద నుంచి తీసేశారు.

వదినే ఫోన్ చేసి చెప్పింది. వెళ్ళాను. వాళ్ళాయన నడవాలో బెంచీ మీద కూర్చున్నాడు. ఒళ్ళో ఆవిడ చెప్పులు, రెండూ. నన్ను చూసి లేచి నిలబడబోయాడు. వద్దన్నాను. పక్కన కూర్చున్నాను. ఆ చెప్పులు సర్దుకుంటూ, "ఉంటుందన్నారు సార్ మొన్నటి దాకా" అన్నాడు.

అది ఆ మందు వల్లే అని ఎవరూ చెప్పలేరు. చక్రం పడి నలిగిన కాలు. రోడ్డు మీద మట్టి లోపలికి పోయింది. నీలం మొదటి రోజు నుంచే వేసినా పోయే అవకాశం ఉంది. చార్టు ఒక సలహా మాత్రమే, కింద అలాగే రాశాం. నిర్ణయం డాక్టర్లది.

ఈ పేరా రెండుసార్లు కొట్టేసి మళ్ళీ రాశాను. ఇందులో ఒక్క మాట కూడా తప్పు కాదు. అయినా చదువుతుంటే సిగ్గేస్తోంది.

ఏప్రిల్ 9

వదిన ఇంటికి వచ్చింది. వాకర్ పట్టుకుని వంటింటి దాకా నడిచి, అన్నయ్య గిన్నెలు తోమిన తీరు చూసి, అన్నయ్యని కాసేపు తిట్టింది. అన్నయ్య సంతోషంగా తిట్లు తిని బజారుకి వెళ్ళాడు.

ఇంట్లో మేమిద్దరమే ఉన్నాం. వదిన చేతి పట్టీ ఇంకా తీయలేదు. దాన్ని తిప్పుతూ, "కత్తెర పట్రా" అంది. తెచ్చాను. కత్తెర తీసుకుంది కానీ కత్తిరించలేదు.

"నాకు పదేళ్ళప్పుడు టైఫాయిడ్ వస్తే ఈ మందే వేశారు. పేరు నాకు గుర్తే. దద్దుర్లూ లేవు, ఏం లేవు. మా అమ్మ నీతో ఎప్పుడూ ఏం చెప్పలేదు."

నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"అప్పుడే అడుగుదామనుకున్నా. నువ్వు అంత తెలివితక్కువ అబద్ధం చెప్పావంటే ఏదో ఉండే ఉంటుందని ఊరుకున్నా. ఏంటది?"

చెప్పాను. అన్నీ చెప్పాను. కోటి, వెయ్యి కోట్లు, సున్నా. నాకు మాటలు సరిగ్గా రాలేదు. వదినే మధ్యలో ఆపి, "అంటే ఒక క్లాసులో అల్లరి పిల్లలు నలుగురూ రాని రోజు చూసి, బడి మొత్తంలో అల్లరే లేదని రాసిచ్చావ్" అంది.

"ఔను."

"తెలిసిందెప్పుడు?"

"నువ్వు పడకముందే."

కిటికీ బయట ఎవరో సైకిల్ బెల్ కొట్టుకుంటూ పోయారు. వదిన కోప్పడుతుందని చూశాను. కోప్పడితే నాకు బాగుండేది, ఎన్నేళ్ళ నుంచో అలవాటైన కోపం అది. దానికి నా దగ్గర జవాబులుంటాయి.

"ఆవిడకి కూడా పడదని చెప్పాల్సింది అబ్బాయ్" అంది. "ఇంత చదువుకున్నావ్. ఇంకో అబద్ధం రాలేదా నీకు?"

ఆ పట్టీ కత్తిరించకుండానే లోపలికి వెళ్ళిపోయింది. వాకర్ చప్పుడు గది చివరి దాకా వినబడింది.

ఏప్రిల్ 10

ఆసుపత్రికి వెళ్ళాను. పెద్దాయనకి దారిలోనే మెయిల్ పెట్టేశాను, ఎదురుగా అయితే మళ్ళీ మెమరీ అంటానేమోనని. ఆయన వెంటనే ఫోన్ చేసి, "ఇవన్నీ రాతలో పెడతారా ఎవరైనా? రా, కూర్చుని మాట్లాడుకుందాం" అన్నారు. రెండో ఆసుపత్రికి కూడా రాశానని చెప్పాను. ఆయన ఫోన్ పెట్టేశారు. జూన్ ప్రయాణం సంగతి ఇక ఎవరూ ఎత్తరు.

డాక్టరుకి నిలబడే చెప్పాను, ఆవిడ ఎటూ కూర్చోదు. అంతా విన్నాక మొదట ఆవిడ అడిగింది చార్టు గురించి కాదు.

"ఆ దద్దుర్లు?"

"అబద్ధం."

"నేను ఆ పట్టీ నా చేత్తో కట్టాను." బిస్కెట్ పక్కన పెట్టి, "కారణం కూడా అక్కర్లేదు నాకు. నాకో అనుమానం ఉందండీ అని ఒక్క మాట అని ఉంటే, ఆ పక్క మంచానికి కూడా అప్పుడే మార్చేదాన్ని. ఒక్క నిమిషం పని" అంది.

ఆమె వెళ్ళి చార్టుని గోడ మీద నుంచి పీకింది. టేపుతో పాటు రంగు కూడా ఊడి వచ్చింది. మార్చి ఒకటి నుంచి ఎర్ర మందు వేసిన వాళ్ళందర్నీ తిరిగి పిలిపించమని నర్సుతో చెప్పింది. ఇంటికి వెళ్ళిపోయిన వాళ్ళని కూడా. వాళ్ళలో ఎంతమందికి ఏముందో ఇంకా ఎవరికీ తెలియదు. నా మీద ఫిర్యాదు రాస్తానంది. రాయమన్నాను. ఆవిడకి నా అనుమతి అవసరం లేదని అంది, అదీ నిజమే.

వ్యాన్ ఆవిడ మంచం దాకా వెళ్ళి వెనక్కి వచ్చాను. డ్రెస్సింగ్ చేస్తున్నారు.

ఏప్రిల్ 11

డ్రెస్సింగ్ ఒక సాకు. తెర వేసి ఉంది కానీ, కాసేపట్లో తీస్తారు కదా.

ఏప్రిల్ 12

వెళ్ళాను.

ఆవిడ దిండుకి ఆనుకుని కూర్చుని జడ వేసుకుంటోంది. దుప్పటి ఒక వైపు పల్చగా పరుచుకుని ఉంది. అటు చూడకూడదనుకుని అటే చూశాను. వదిన మంచం మీద ఎవరో కొత్త మనిషి ఉంది.

"రా తమ్ముడూ, కూర్చో. మీ వదినగారు నడుస్తున్నారా?"

నిలబడే చెప్పాను. వదినకి చెప్పినట్టు కాకుండా సూటిగా చెప్పాను. ఆ మందు పనిచేయకపోవచ్చని నాకు ముందే తెలుసని. తెలిసి మా వదినకి మాత్రం మార్పించానని. మీ గురించి చెప్పలేదని. ఆవిడ జడ వేసుకోవడం ఆపలేదు. మూడు పాయలూ చివరి దాకా అల్లి, రబ్బరు బ్యాండు చుట్టి, జడని వెనక్కి వేసుకుంది.

"వదినగారికి మార్పించేటప్పటికి నా కాలు ఉంది."

"ఉంది."

"నాకు చెప్పాలనిపించలేదా?"

"అనిపించింది."

"అనిపించి?"

"భయమేసింది."

"ఎవరంటే?"

ఆలోచించాను. ఎవరి మొహమూ గుర్తు రాలేదు. "పేరు పోతుందని" అన్నాను.

"పేరు" అంది. ఆ మాటని ఎక్కడో కొత్తగా విన్నట్టు అంది. నేను క్షమించమని అడగలేదు. అడుగుదామనే అనుకుని వచ్చాను, ఆవిడ ఎదురుగా నిలబడితే అది కూడా ఆవిడనే ఏదో ఇమ్మని అడిగినట్టు అనిపించింది.

"ఆ మందు ఇంకా వేస్తున్నారా ఎవరికైనా?"

"లేదు. మొన్నటి నుంచి ఆపేశారు."

"అయితే సరే."

నడవా చివర వాళ్ళాయన వస్తున్నాడు. చేతిలో టిఫిన్ క్యారియర్. నన్ను చూసి దూరం నుంచే తలాడించాడు, కుర్చీ వేసుకోమని చెయ్యి చూపించాడు. ఆయనకీ చెప్పాలి, ఇప్పుడే, ఇక్కడే. ఆ చేతులు చూశాను.

"ఆయనకి చెప్పకండి" అంది ఆవిడ, మెల్లగా. "పాపం పొద్దుట్నుంచీ ఏం తినలేదు. ఇప్పుడు వింటే ఇక తినడు. నేనే చెబుతాను, నాకు ఎప్పుడు చెప్పాలనిపిస్తే అప్పుడు."

"అలాగే" అన్నాను.

ఆవిడ నా మొహంలోకి చూసింది. ఏం కనబడిందో.

"హమ్మయ్య అనుకున్నారు కదా" అంది.

అనుకున్నాను.